లామా కొండ: సాధన, సేద్యం

కొండలు తపస్సుకు, మైదానాలు సేద్యానికి అను భావం మనలో చాలకాలంగా నాటుకొని ఉన్నది. కొండ ఎక్కినవాడు దైవదర్శనానికి ఎక్కును. దర్శనం కాగానే దిగివచ్చి తన పొలం తాను చూచుకొనును. కొండమీదనే పుట్టి, కొండమీదనే విత్తి, కొండమీదనే కొలుపులు కొలుచుకొను సవరలు, కొండరెడ్లు ఈ మాట విన్నచో నవ్వుదురు. వారికి ఆ రెండు పనులు ఎన్నడును వేరు కాలేదు. పట్టణాలలో చదువుకొన్నవారికి మాత్రం వేరైనవి. ఒకమారు వేరైన ఆ రెండింటిని మరల ఒకచోట చేర్చవలెనన్న ఎంత శ్రమ పడవలెనో, ఎంత మూల్యం చెల్లింపవలెనో తెలుపు చరిత్ర ఒకటి అమెరికా దేశంలోని ఒక కొండవాలున జరిగినది. దానిని శ్రోతలకు మనవి చేయుట ఈ ప్రసంగపు ఉద్దేశం. ఇది దూరదేశపు కథయే అయినను, దాని తీగ రెండు చోట్ల మన హైదరాబాదుకు వచ్చి తగులును.

సంయుక్త రాష్ట్రాల నైరుతి భాగాన న్యూ మెక్సికో అను రాష్ట్రం కలదు. అందు టావోస్ అను చిన్న పట్టణానికి ఉత్తరంగా సాంగ్రే దె క్రీస్తో అను పర్వతశ్రేణి సాగును. స్పానిష్ భాషలో ఆ మాటకు ‘క్రీస్తు రక్తం’ అని అర్థం. ఆ పర్వతాల పడమటి వాలున, సముద్రమట్టానికి సుమారు 8,600 అడుగుల ఎత్తున లామా అను చోటు ఉన్నది. మన తిరుమల కొండ ఎత్తుకు అది దాదాపు మూడు రెట్లు. టిబెట్టు దేశపు బౌద్ధ గురువులను పిలుచు లామా శబ్దానికి, ఈ పేరుకు సంబంధం లేదు. స్పానిష్‌లో లామా అనగా బురద. ఆ పేరు ఆ నేలకు ఆశ్రమం రాకముందు నుండియే ఉన్నది. అక్కడ శీతకాలమంతయు మంచు. ఆ మంచు కరిగి వచ్చినదే వసంతకాలపు నీరు. జూలై, ఆగస్టు మాసాలలో ఉరుములతో కొన్ని వారాలు వానలు పడును. మంచు భయం లేక మొక్క పెరుగగల దినాలు చాల కొద్ది. అట్టిచోట పిడికెడు గింజలు పండించుటయు తేలికైన పని కాదు.

ఆ కొండలకు మొదటి వారసులు ప్యూబ్లో ప్రజలు. టావోస్ ప్యూబ్లో అను వారి గ్రామంలో సుమారు వేయి సంవత్సరాలుగా మనుష్యులు విడువక నివసించుచున్నారు. మట్టి, గడ్డి, నీరు కలిపి ఎండబెట్టిన పచ్చి ఇటుకలతో అంతస్తుమీద అంతస్తుగా కట్టుకొన్న ఇండ్లు అవి. 1992లో యునెస్కో ఆ గ్రామాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది. ఊరి నడుమ నుండి ఒక సెలయేరు పారును. దాని పుట్టుక పై కొండలలో ఉన్న నీల సరస్సు. ఆ సరస్సు వారికి పరమ పుణ్యక్షేత్రం. వారి తాగునీటికి, సాగునీటికి కూడ మూలం అదియే. వారి చేలలో మొక్కజొన్న నిలువుగా పెరుగును. చిక్కుడు దానిని అల్లుకొని నేలకు సత్తువ నిచ్చును. గుమ్మడి ఆకులు నేలపై పరచుకొని తేమను కాపాడును. జొన్నలో కందిని, అలసందను కలిపి విత్తు మన రైతునకు ఈ పద్ధతి వింతగా తోచదు.

1906లో అమెరికా ప్రభుత్వం ఆ సరస్సును, చుట్టునున్న అడవిని ప్రభుత్వ రక్షితారణ్యంలో కలిపివేసినది. ఆ ప్రజలు అరువది నాలుగు సంవత్సరాలు పోరాడినారు. వారి హక్కును న్యాయసభ అంగీకరించిన పిదప భూమికి బదులుగా ధనం ఇవ్వజూపగా వారు పుచ్చుకొనలేదు. తుదకు 1970 డిసెంబరు 15న అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో 48,000 ఎకరాల అడవి, ఆ సరస్సు వారికి తిరిగి వచ్చినవి. ఈ పోరాటంలో గమనింపదగినది ఒకటి కలదు. వారు కోరినది పూజ చేసికొనుటకు అనుమతి మాత్రమే కాదు. నీరు పుట్టు చోటు చెడకుండ చూచుట వారి పూజలో ఒక భాగం. సరస్సును కాపాడలేనివాడు దానికి మ్రొక్కుటలో వారికి అర్థం కనబడలేదు.

1598లో స్పెయిన్ దేశస్థులు ఆ ప్రాంతంలో స్థిరపడ నారంభించినారు. వారు తమతో అసేకియా అను కాలువల ఏర్పాటును తెచ్చినారు. ఆ మాట అరబ్బీ భాష నుండి స్పెయిన్‌కు పోయినది. ఆ విద్యలో పెక్కుభాగం కూడ అట్లే పోయినది. కొండవాగును ఒకచోట కట్టి, సన్నని కాలువగా మలచి, వాలు వెంట పల్లెలకు తెత్తురు. ఒక్కొక్క కాలువకు మయోర్దోమో అను పెద్ద ఒకడుండును. ఎవరి వంతు ఎప్పుడో, ఎవరికి ఎంత నీరో అతడు నిర్ణయించును. మన చెరువుల క్రింద నీరటికాడు చేసిన పనియే అది. వసంతం రాగానే కాలువ క్రింద భూమి గల ప్రతి కుటుంబం పారలు పట్టి పూడిక తీయవలెను. పనికి రానివానికి నీటిలో వంతు అడుగుటకు నోరుండదు. ఈ విధంగా ఆ కొండలలో నీటికి ఒక ధర్మం, ఒక కట్టుబాటు శతాబ్దాలుగా నడచుచు వచ్చినది.

ఇట్టి నేలమీదికి 1967లో కొత్తవారు వచ్చినారు. అవి అమెరికా యువజనులలో పెద్ద కలత రేగిన దినాలు. వియత్నాం యుద్ధం సాగుచున్నది. తండ్రుల సంపదమీద విరక్తి పుట్టిన యువతీయువకులు వేలకొలదిగా పట్టణాలు విడిచి టావోస్ పరిసరాలకు చేరి సామూహిక నివాసాలు ఏర్పరచుకొన్నారు. న్యూయార్కు ప్రాంతపు కళాకారులైన స్టీవ్ డర్కీ, బార్బరా డర్కీ దంపతులు, జోనథన్ ఆల్ట్‌మన్ అను మిత్రునితో కలిసి లామా కొండపై నూరు ఎకరాలకు మించిన భూమిని సంపాదించి లామా ఫౌండేషన్‌ను స్థాపించినారు. చుట్టును ప్రభుత్వపు అడవి. వారు పచ్చి ఇటుకలు కోసి, కలప మోసి, గుమ్మటం గల ధ్యానమందిరం ఒకటి నిర్మించుకొన్నారు. ఒక మతాన్ని స్థాపించుట వారి తలంపు కాదు. అన్ని మతాల సాధనలకు అక్కడ చోటుండవలెనని వారి సంకల్పం. ఉదయం మౌనధ్యానం, శుక్రవారం సాయంకాలం యూదుల విశ్రాంతిదిన ప్రార్థన, సూఫీల నామస్మరణ, హిందువుల కీర్తన అన్నియు ఆ ఒక్క కప్పు క్రింద జరిగినవి.

ఆ కాలంలో టావోస్ చుట్టును వెలసిన సామూహిక నివాసాలు పెక్కు కొద్ది సంవత్సరాలలోనే చెదరిపోయినవి. లామా నిలిచినది. అందుకు కారణం నియమం. మత్తుపదార్థాలకు అక్కడ తావు లేదు. నిత్యసాధన తప్పరాదు. వంట, కట్టెలు, తోట, పాకీపని అందరును చేయవలెను. ముఖ్య విషయాలు అందరి సమ్మతితో నిర్ణయింపవలెను. ఒక్కరు కాదన్నను ఆగి ఆలోచింపవలెను. స్వేచ్ఛ కోరి వచ్చినవారు నియమంచేత నిలిచినారనుట ఆ తరపు చరిత్రలో ఒక వింత.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధించిన రిచర్డ్ ఆల్పర్ట్ 1967లో భారతదేశం వచ్చి, నైనితాల్ కొండలలో నీమ్ కరోలీ బాబాను దర్శించి, రామ్ దాస్ అను పేరుతో స్వదేశానికి మరలినాడు. ఆయనకు లామాతో గాఢమైన మైత్రి. ఆయన చెప్పిన మాటలను లామావాసులు తమ చిత్రాలతో కూర్చి 1971లో ‘బి హియర్ నౌ’ అను గ్రంథంగా ప్రచురించినారు. ‘ఇక్కడ, ఇప్పుడు ఉండుము’ అని ఆ పేరునకు అర్థం. ఆ గ్రంథం లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోయినది. కొండమీది ఆశ్రమానికి దానివలన కీర్తియు, కొంత ధనమును లభించినవి.

హైదరాబాదు తీగ మొదటిసారి తగులు చోటు ఇది. లామా కొండపై ఒక సమాధి ఉన్నది. అది శామ్యూల్ లూయిస్ అను సూఫీ గురువుది. 1896లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టి 1971 జనవరిలో గతించినాడు. ఆయన గురువు బరోడాలో పుట్టిన సంగీత విద్వాంసుడు ఇనాయత్ ఖాన్. ఇనాయత్ ఖాన్ యువకుడుగా హైదరాబాదు వచ్చి, నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆదరం పొంది, ఆ నగరంలోనే సయ్యద్ అబూ హాషిం మదనీ అను సూఫీ గురువును ఆశ్రయించినాడు. 1910లో ఆయన అమెరికాకు పయనమైనాడు. అనగా మూసీ తీరాన ఉపదేశింపబడిన సాధన రెండు తరాలలో అమెరికా కొండమీదికి చేరినది. శామ్యూల్ లూయిస్ వృత్తిచేత తోటమాలి. ఆసియా దేశాలు తిరిగినప్పుడు ఆయన గురువులను దర్శించుటతోపాటు విత్తనాలు, నేల సారం, ఎడారి భూముల బాగుసేత గురించి కూడ విచారించెడివాడు. భక్తుని చేతికి మట్టి అంటవలెనన్న భావం ఆ కొండపై ఆయన సమాధితోపాటు నిలిచిపోయినది. కాని అది ఇంకను ఒక విద్యగా రూపొందలేదు.

ఆ విద్య వేరొక ఖండంలో పుట్టినది. ఆస్ట్రేలియాకు దక్షిణాన టాస్మేనియా అను ద్వీపం కలదు. అక్కడ 1928లో పుట్టిన బిల్ మోలిసన్ చేపలవేట, అడవిపని చేసి, వన్యప్రాణుల పరిశీలనలో చాలకాలం గడిపి, పిదప విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడైనాడు. 1970ల నడుమ ఆయనకు డేవిడ్ హోమ్‌గ్రెన్ అను విద్యార్థితో పరిచయమైనది. అడవికి ఎవరును నీరు పోయరు, ఎరువు వేయరు, దున్నరు. అయినను అది తరతరాలు నిలుచును. మనిషి పెంచు తోట అట్లు ఏల నిలువరాదు? ఈ ప్రశ్న నుండి వారిద్దరి ఆలోచన సాగినది. 1978లో వారు ‘పర్మాకల్చర్ వన్’ అను గ్రంథం వెలువరించినారు. శాశ్వతం, వ్యవసాయం అను రెండు ఆంగ్ల పదాలను కలిపి వారు చేసిన కొత్త మాటయే పర్మాకల్చర్. 1981లో మోలిసన్‌కు రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం లభించినది. ఆయన 2016లో కన్నుమూసినాడు.

పర్మాకల్చర్ రూపకల్పన నేర్చుటకు 72 గంటల పాఠ్యక్రమం ఒకటి లోకమంతట వాడుకలో ఉన్నది. సాధారణంగా రెండు వారాలు ఒకచోట కలిసి నివసించి దానిని నేర్చుకొందురు. మొదటి పాఠం చూచుట. పార పట్టుటకు ముందు నేలను చూడవలెను. ఎండ ఏ మూల నుండి వచ్చును, గాలి ఏ దిక్కున వీచును, వాననీరు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోవును, నిప్పు రావలసి వచ్చినచో ఏ వైపు నుండి వచ్చును అని గుర్తించి పటం వ్రాయవలెను. 1967 ఫిబ్రవరి 7న టాస్మేనియాలో చెలరేగిన దావాగ్నికి అరువది మందికి పైగా బలియైనారు. అట్టి నేల నుండి వచ్చిన విద్య గనుక నిప్పు వచ్చు దిక్కును మరువకుండుట దానికి సహజం.

రెండవ పాఠం అమరిక. ఇల్లు నడుమ నుంచుకొని చుట్టును వలయాలు ఊహింపవలెను. దినానికి పలుమార్లు పోవు చోట ఆకుకూరలు, మందుమొక్కలు. దాని ఆవల పండ్లచెట్లు, కోళ్లు. దాని ఆవల పెద్ద పంటలు. ఆపైన కట్టెలకు, కలపకు అడవి. చిట్టచివరి వలయాన్ని మనిషి ముట్టరాదు. అక్కడ అతడు శిష్యుడుగా కూర్చుండి చూడవలెను. పెట్టిన ప్రతి వస్తువు ఒకటికి మించిన పనులు చేయవలెను. కోడి గుడ్డు నిచ్చును, పురుగును ఏరును, నేలను కెలకును, ఎరువు నిచ్చును. అట్లే ప్రతి అవసరానికి ఒకటికి మించిన ఆధారం ఉండవలెను. బావి ఎండిననాడు ఇంటికప్పు మీది వాననీరు నిలువ ఉండవలెను. వాలు భూమిలో సమమట్టపు రేఖ వెంట కందకం తీసి, గట్టు వేసి, పరుగెత్తు నీటిని నడిపింపవలెను. నడచు నీటిని నిలుపవలెను. నిలిచిన నీటిని నేలలోనికి ఇంకింపవలెను. ఈ పనులన్నిటికి పునాదిగా మూడు నీతులు చెప్పినారు. భూమిని కాపాడుట, మనుష్యులను కాపాడుట, మిగిలినదానిని పంచి తిరిగి ఇచ్చుట.

ఈ పాఠ్యక్రమంలో పూజ లేదు, ధ్యానం లేదు. మోలిసన్ స్వభావం సన్యాసులది కాదు. కొలతలు, కారణాలు, ఫలితాలు ఆయనకు కావలసినవి. అయినను సాధన చేయువారు ఈ విద్యవద్దకు వచ్చినప్పుడు వారికి అది పరాయిదిగా తోచలేదు. వెంటనే ఏమియు చేయక చాలసేపు ఊరక చూచుట ధ్యానం చేసినవానికి తెలిసిన పనియే. తన ఇష్టాన్ని నేలమీద రుద్దక, నేల చెప్పుదానిని వినుట అహంకారాన్ని తగ్గించుకొనదలచినవానికి మంచి అభ్యాసం. మరొక మాట కూడ చెప్పవలెను. సాధకునికి కొలత అవసరం. కన్నులు మూసికొని కొండతో ఏకమైనట్లు భావించినవాడు, కన్నులు తెరచి తన కందకం మట్టం సరిగా ఉన్నదో లేదో చూచుకొనవలెను. మట్టం తప్పినచో మొదటి వానకే గట్టు తెగును. భావన ఎంత గొప్పదైనను నీరు దానిని లెక్కచేయదు.

న్యూ మెక్సికోలో పర్మాకల్చర్ 1980లలోనే వేరూనినది. 1987లో సాంటా క్లారా ప్యూబ్లోకు చెందిన శిల్పి రాక్సాన్ స్వెంట్‌జెల్ తమ గ్రామంలో ‘ఫ్లవరింగ్ ట్రీ’ అను పర్మాకల్చర్ సంస్థను ప్రారంభించి, ఎండిన నేలను పండ్లతోపుగా మార్చి చూపినది. ప్యూబ్లో పూర్వులు చేసిన మిశ్రమసేద్యాన్ని, మట్టికట్టడాలను కొత్త విద్యలో వారి సంతతియే గుర్తుపట్టినదన్నమాట.

లామాకు పరీక్ష 1996లో వచ్చినది. ఆ పరీక్షకు కారణాలు అంతకు చాలముందు నుండియే పోగైనవి. ఆ పర్వతాలలోని దేవదారు జాతి అడవులలో పూర్వం కొద్ది సంవత్సరాల కొకమారు చిన్న నిప్పు నేలబారున పాకి, ఎండుటాకును, చిన్నపొదలను కాల్చి పోయెడిది. పెద్దచెట్లకు దానివలన హాని లేదు. ఇరువదవ శతాబ్దంలో ప్రభుత్వ అటవీశాఖ ప్రతి నిప్పును పుట్టినచోటనే ఆర్పు విధానం అవలంబించినది. గొర్రెలు, పశువులు మేసి నేలబారు నిప్పును మోయు గడ్డిని తగ్గించినవి. ఫలితంగా అడవి దట్టమైనది. సన్నని చెట్లు పెద్దచెట్లకు నిచ్చెనలైనవి. నేలపై కట్టెలు పేరుకొన్నవి. పచ్చగా కనబడు ఆ అడవిని చూచి అందరును సంతోషించినారు. ఆ పచ్చదనంలో ఎంత కట్టె పోగైనదో లెక్కించిన కన్నులు తక్కువ.

1995-96 శీతకాలంలో మంచు బాగుగా పడలేదు. వసంతంలో గాలులు బలంగా వీచినవి. 1996 మే 5న శాన్ క్రిస్తోబాల్ పల్లె వద్ద పుట్టిన నిప్పు గాలితో కొండ ఎక్కినది. దానికి హోండో అగ్ని అని పేరు. అది ఏడువేల ఎకరాలకు పైగా అడవిని కాల్చినది. లామా గ్రామంలోని ఇండ్లు కాలినవి. ఆశ్రమంలో ముప్పది సంవత్సరాలుగా చేతులతో కట్టుకొన్న కట్టడాలు చాలవరకు బూడిదయైనవి. గుమ్మటం గల ధ్యానమందిరం మిగిలినది. దానిని దైవకృప అన్నవారు ఉన్నారు. కాని ధ్యానమందిరం మిగిలి, వంటయిల్లు, నివాసాలు, అడవి పోయిన సమాజానికి దైవకృప గురించి చర్చించుటకంటె ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. జూలై వానలు రెండు నెలలలో రానున్నవి.

కాలిన కొండకు వాన రెండవ గండం. ఆకులు, సూదులు, జిగురు కాలినప్పుడు వాటినుండి వెలువడిన ఆవిరి నేలలోనికి దిగి, చల్లబడి, మట్టిరేణువులకు మైనంవలె అంటుకొనును. నూనె పూసిన పళ్లెంమీద నీరు జారినట్లు, అట్టి నేలమీద నీరు ఇంకక జారును. వేళ్లు చచ్చిన మట్టిని అది కోసికొని పోవును. వేయి సంవత్సరాలలో కూడిన పైమట్టి ఒక్క ఉరుముల వానలో లోయకు దిగిపోవచ్చును. అందుచేత కాలిన కొండలపై మొదట చేయు చికిత్స ఇది: కాలిపడిన మ్రాకులను వాలుకు అడ్డంగా, సమమట్టపు రేఖల వెంట పరచి నేలకు ఆనించుట, చిన్నవాగులలో రాళ్లతో, కొమ్మలతో అడ్డుకట్టలు వేయుట, బోడినేలపై గడ్డి కప్పుట, గింజలు చల్లుట. చచ్చిన చెట్టు ఈ విధంగా బ్రతుకవలసిన చెట్టుకు మట్టిని పట్టి ఉంచును.

లామా తిరిగి కట్టబడినది. ఈమారు కట్టుటకు, నేర్చుటకు భేదం లేకపోయినది. గడ్డిమోపులను ఇటుకలవలె పేర్చి మట్టి పూసిన గోడలు, దక్షిణపు ఎండను లోనికి తీసికొను కిటికీలు, సూర్యరశ్మితో విద్యుత్తు, కప్పులమీది వాననీటి సేకరణ, వాలు వెంట కందకాలు ఆ కొండమీద పాఠాలైనవి. వేసవిలో అక్కడ ప్రకృతికి దగ్గరైన గృహనిర్మాణాన్ని, పర్మాకల్చర్‌ను నేర్పు సమావేశానికి ‘బిల్డ్ హియర్ నౌ’ అని పేరు పెట్టినారు. వెనుకటి గ్రంథం ‘ఇక్కడ, ఇప్పుడు ఉండుము’ అన్నది. కొత్త పేరు ‘ఇక్కడ, ఇప్పుడు కట్టుము’ అన్నది. పాత మాట లేకున్న కొత్త మాటకు ఓర్పు ఉండదు. కొత్త మాట లేకున్న పాత మాటకు కప్పు ఉండదు. దినచర్యలో ఉదయపు మౌనం మానలేదు. పనికి పోవుటకు ముందు అందరును చేతులు కలిపి ఒక నిమిషం నిలుచు అలవాటు మానలేదు. ఆ నిమిషం తరువాత పట్టునది మాత్రం పార.

కొండ కూడ తన పని తాను చేసికొన్నది. పొట్టి సిందూర చెట్లు కాలిన మొదళ్ల నుండి చిగిర్చినవి. ఆస్పెన్ చెట్టు వేళ్ల నుండియే కొత్త మొక్కలను లేపగలదు. నిప్పు తరువాత మొదట తలయెత్తు జాతులలో అది ఒకటి. దట్టమైన పూర్వపు అడవి ఒక తరంలో తిరిగి రాదు. రావలసిన పనియు లేదు. నిప్పును పూర్తిగా వెళ్లగొట్టిన అడవి తుదకు పెద్దనిప్పునకే ఆహుతియగునని ఆ కొండ నేర్పినది. అటవీశాఖ కూడ చిన్ననిప్పుల అవసరాన్ని గుర్తించి, తగిన కాలంలో తానే నిప్పు పెట్టి ఆర్పు పద్ధతిని చేపట్టినది.

ఇట్టి సమాజాల విషయంలో ఒక సందేహం కలుగుట న్యాయం. కొద్దిమంది కొండమీద కూర్చుండి తోట పెంచుకొన్నచో లోకానికి ఏమి లాభం? పట్టణపు విద్య, మిత్రుల ధనం ఉన్నవారి వ్రతం బీదరైతునకు ఎట్లు మార్గమగును? ఈ ప్రశ్నకు సమాధానం లామాలో దొరకదు. దానికై మనం హైదరాబాదు తీగ రెండవసారి తగులు చోటికి రావలెను.

1980ల రెండవ సగంలో బిల్ మోలిసన్ భారతదేశానికి వచ్చినాడు. ఈ దేశంలో పర్మాకల్చర్ మొదట వేరూనిన చోట్లలో హైదరాబాదు, జహీరాబాదు ప్రాంతాలు ముఖ్యమైనవి. జహీరాబాదు వద్ద పస్తాపూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుండి పనిచేయుచు వచ్చినది. ఆ సంస్థ సంఘాలలోని స్త్రీలు అధికభాగం దళిత కుటుంబాలవారు, కొద్దిపాటి ఎర్రనేలలు, రాతినేలలు గలవారు. వారికి ధ్యానమందిరం లేదు. పట్టా పుచ్చుకొనుటకు రెండు వారాల తీరిక లేదు. అయినను జొన్న, కొర్ర, కంది, పెసర కలిపి విత్తుట, వాలుకు అడ్డంగా గట్లు వేయుట, విత్తనాన్ని బూడిదతో, వేపాకుతో కాపాడి ఇంటనే నిలువ చేయుట వారి చేతిలోని విద్య. పుస్తకాల నుండి వచ్చిన పర్మాకల్చర్ ఆ పొలాలలో తన పూర్వరూపాన్ని తానే చూచుకొన్నది. 2017 నవంబరులో అంతర్జాతీయ పర్మాకల్చర్ మహాసభ హైదరాబాదులోను, జహీరాబాదు సమీపాన బిడకన్నెలోను జరిగినది. దేశదేశాల నుండి వచ్చినవారు అక్కడి నేలను చూచి నేర్చుకొన్నారు.

రేడియో శ్రోతలకు సంతోషం కలిగించు విషయం మరొకటి. ఆ సంఘ స్త్రీలే మాచనూరు గ్రామంలో 2008 అక్టోబరు 15న ‘సంఘం రేడియో’ను ప్రారంభించినారు. గ్రామీణ స్త్రీలు స్వయంగా నడుపుటకు మన దేశంలో వెలసిన మొదటి సముదాయ రేడియో కేంద్రం అది. విత్తనాల ముచ్చట, పండుగపాట, పంటకు పట్టిన పురుగు, పాత కొలుపు అన్నియు అందు ఒకే గొంతుతో వినబడినవి. సాధనను, సేద్యాన్ని కలుపుటకు లామావారు ముప్పది సంవత్సరాలు, ఒక దావాగ్ని వెచ్చింపవలసి వచ్చినది. విత్తనాల పండుగ నాడు బండ్లమీద గింజల బుట్టలు ఊరేగించు మన స్త్రీలకు వాటిని కలుపవలసిన అవసరమే కలుగలేదు. కాని ఆ విద్యను విలువకట్టి కాపాడుకొనుట మన వంతు. టావోస్ ప్యూబ్లో ప్రజలు తమ సరస్సుకై అరువది నాలుగు సంవత్సరాలు నిలిచినారు. మన ఊరి చెరువుకై మనం ఎన్ని సంవత్సరాలు నిలువగలము?

ఈ విద్యలో మొదటి పాఠానికి పట్టా అక్కరలేదు, కొండ అక్కరలేదు. వచ్చే తొలకరి నాడు గొడుగు పట్టుకొని మీ వాకిటిలో అరగంట నిలుచుండి చూడండి. కప్పుమీద పడిన నీరు ఎటు జారుచున్నది, ఏ మూల మట్టి కోసికొని పోవుచున్నది, వీధికాలువలో కలియునది ఎంత, ఇంకునది ఎంత అని గమనించండి. మరునాడు ఒక బొరిగతో నీరు పారు దారికి అడ్డంగా జానెడు గాడి తీసి, ఎండుటాకు కప్పి, మరుసటి వాన వరకు వేచి ఉండండి. ఆ వాన తరువాత గాడిలో నిలిచిన నీటిని ఇంటి పిల్లలకు చూపండి.